పెరటి సొరకాయ, పెనం మీది రొట్టె

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద కవిత్వాన్ని గురించి, చరిత్రను గురించి మాట్లాడగల పెద్దలు ఉన్నారు. మాకు అప్పగించిన విషయం వంట; అందులోనూ సొరకాయ. సొరకాయను గురించి మాట్లాడేవారికి ఒక చిక్కు ఉన్నది. లేని గొప్పలు చెప్పేవాణ్ణి చూసి మనవాళ్ళు "సొరకాయ కోతలు కోస్తున్నాడు" అంటారు గదా! అందుచేత కొలతలతో సహా చెబుతాము. ఎవరింట వారు వండి చూసుకొని మా మాటలోని నిజానిజాలు తేల్చుకోవచ్చును.

మేము చెప్పబోయేది పెరట్లో కాచిన లేత సొరకాయతో చేసే కారపు రొట్టె. సీమదేశాలలోనూ, అమెరికాలోనూ వేసవిలో పెరటి తోటలలో ఒక రకం లేత గుమ్మడి కాస్తుంది. దాన్ని జుకీనీ అంటారు. ఆ మొక్క కాపుకు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ తిన్నా తరగదు. ఇరుగుపొరుగుకు పంచినా మిగులుతుంది. అప్పుడు అక్కడి ఇల్లాలు గోధుమపిండితో ఒక తొడుగు చేసి, అందులో ఈ కాయ ముక్కలు, ఉల్లిపాయలు, గుడ్లు, చీజు నింపి, ఓవెనులో కాలుస్తుంది. దానికి "పై" అని పేరు. మన సొరపాదు ఇల్లాలిని పెట్టే చిక్కు కూడా ఇదే. ఒకనాడు పులుసు, ఒకనాడు పప్పు, ఒకనాడు పాలుపోసి కూర; నాలుగోనాడు "మళ్ళీ సొరకాయేనా?" అని పిల్లలు మూతి ముడుస్తారు. ఆ నాలుగోనాటికి మన పెద్దవాళ్ళు వెదకిన ఉపాయమే ఈ రొట్టె. వాళ్ళు కూరను పిండిలో దాస్తారు. మనం కూరను పిండిలో కలుపుతాము. తేడా అంతే.

వంటకు ముందు కాయ పేరు తేల్చుకోవలె. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు మాట్లాడేవాళ్ళలో రెండు రకాలవారం ఉన్నాము. తరతరాలుగా ఇక్కడి నేలనే దున్నుకొని, రాగులు, అనపలు పండించుకొంటున్నవారు కొందరు. 1970ల తరువాత హోసూరులో పారిశ్రామికవాడ పెరిగినప్పటి నుండి లారీలు, మోటారు సైకిళ్ళు, గడియారాలు చేసే ఫ్యాక్టరీలలో ఉద్యోగాలకు కోస్తా నుండి, సీమ నుండి, తెలంగాణ నుండి వచ్చినవారు కొందరు. ఈ ఇద్దరికీ మధ్య వంటింటిలో ఒక దీర్ఘం అడ్డం వస్తుంది. విశాఖపట్నం వైపు నుండి వచ్చిన కోడలు "మామయ్యగారూ, సంతలో ఆనపకాయ ఉంటే తెండి" అంటుంది. ఆమె ఉద్దేశంలో ఆనపకాయ అంటే సొరకాయ. డెంకణికోట వైపు మామగారు సంతకు పోయి సంచినిండా అనపకాయలు తెచ్చి పెడతారు. ఆయన ఉద్దేశంలో అనపకాయ అంటే చిక్కుడుజాతి కాయ. చలికాలంలో మంచు కురిసేకొద్దీ వాసన పట్టే కాయ. ఒలిచి, నానబెట్టి, పొట్టు పితికితే పితికిన పప్పు అయ్యే కాయ. ఇద్దరూ మాట్లాడింది తెలుగే. ఇద్దరి మాటా ఒప్పే. 'అ'కు దీర్ఘం పెడితే ఒక కూర, తీసేస్తే ఇంకొక కూర!

ఇట్లాంటివి ఇంకా ఉన్నవి. కోస్తావారి ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. తెలంగాణవారి పల్లీలు ఇక్కడ చెనిక్కాయలు. రోట్లో నూరిన పచ్చడి ఊరిబిండి. కొత్తగా వచ్చినవారు ఈ మాటలు విని "మీది తమిళం కలిసిన తెలుగు" అనడం, ఇక్కడివారు వారి మాట విని "మీది పుస్తకం తెలుగు" అనడం మనం ఎరుగుదుము. ఈ రెండు మాటలూ మానుకొంటే మంచిదని మా మనవి. ఎర్రగడ్డ తెలుగు కాక మరేమిటి? ఎరుపూ మనదే, గడ్డా మనదే.

మనలను ప్రవాసులని అంటారు. ఆ మాట అందరికీ ఒకే తీరున వర్తించదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో ఉండిపోయింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలను సరిదిద్దినప్పుడూ అక్కడనే ఉన్నది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడితే అందులోనికి పోయింది. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడింది. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, పెరటిలోని సొరపాదు కదలలేదు. కవరు మీద వ్రాసే చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. కాబట్టి మనలో కొందరం దూరం నుండి ఇక్కడికి వచ్చినవాళ్ళం. కొందరం కదలకుండా ఉండగా సరిహద్దు తానే వచ్చి పక్కన నిలబడినవాళ్ళం.

మన నదిని చూడండి. నంది కొండలలో రెండు పినాకినులు పుట్టినవి. ఉత్తర పినాకిని అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హోసూరు పక్కగా దిగి, కృష్ణగిరి ఆనకట్ట దగ్గర నిలిచి పొలాలకు నీరిచ్చి, కడలూరు వైపు పోతుంది. పుట్టిన చోటు ఒకటే, పేరూ ఒకటే. తడిపే నేలలు వేరు. ఆ నీటినీ ఈ నీటినీ ఇది అసలు, అది నకలు అని ఎవరూ అనరు.

ఇక రొట్టెలోని సరుకుల పుట్టుపూర్వోత్తరాలు వింటే మీకు నవ్వు వస్తుంది. సొరకాయ పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. అక్కడి నుండి మన దేశానికి ఎన్నడో వచ్చింది. కొలంబసు పుట్టడానికి వేల ఏండ్ల క్రిందటనే అమెరికా ఖండంలో కూడా ఉండినట్లు అక్కడి తవ్వకాలలో బయటపడిన బుర్రలు చెబుతున్నవి. రాగి కూడా తూర్పు ఆఫ్రికా మెట్టప్రాంతాలది. అనప పుట్టిల్లూ ఆఫ్రికాయే అంటారు. మిరపకాయ అమెరికా నుండి పదహారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో దిగింది. చెనిక్కాయ దక్షిణ అమెరికాది. రాగి ముద్ద లేనిదే రైతుకు పొద్దు గడవని నేల మన మొరసునాడు. ఆ రాగి ఒకనాటి ప్రవాసి. ఈ సొర ఒకనాటి ప్రవాసి. నాటినచోట వేరు పట్టి, ఆ నేల రుచి తెచ్చుకొని, ఆ ఊరి పేరు పెట్టుకొని ఇంటివి అయిపోయినవి. బెంగుళూరు వంకాయ అని మనం కొనే కాయ సంగతి ఇంకా విచిత్రం. అది బెంగుళూరులో పుట్టిందీ కాదు, వంకాయా కాదు. మెక్సికో వైపు నుండి వచ్చిన సొర చుట్టమే. సొరకాయ దొరకనినాడు ఈ రొట్టెకు దాన్ని వాడినా బాగుంటుంది. అమెరికాలోని మన పిల్లలు జుకీనీతో చేసుకోవచ్చును. పద్ధతి ఒకటే.

ఇప్పుడు పాదు సంగతి. హోసూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. కృష్ణగిరి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లే గాని, ఘాటు దిగిన తరువాత ఉన్న ఊరు గనుక వేడి ఎక్కువ. సంక్రాంతి తరువాత చలి తగ్గుముఖం పట్టగానే గింజ పెడితే ఉగాది దాటేసరికి లేత కాయలు చేతికి వస్తవి. ఆషాఢంలో పెడితే దసరాకు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీసి, బాగా మాగిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నింపండి. గింజలు ఒక రాత్రి నీళ్ళలో నానవేసి, గుంటకు నాలుగైదు పెట్టి, మొలిచిన తరువాత బలమైన రెండింటిని ఉంచండి. మిద్దె ఇంటివారు పెద్ద సంచిలోనో, ఖాళీ పెయింటు డబ్బాలోనో పెట్టుకోవచ్చును. అడుగున బెజ్జాలు మాత్రం మరవవద్దు. తీగకు ఆరేడు ఆకులు వచ్చినప్పుడు కొస గిల్లితే పక్కకొమ్మలు వేస్తుంది. ఆడపువ్వులు ఎక్కువగా ఆ పక్కకొమ్మలకే పూస్తవి. ఆకులకు ఎర్రపురుగు పట్టితే పొయ్యి బూడిద పొద్దున్నే మంచు మీద చల్లడం మన పెద్దల వైద్యం.

పిల్లలకు ఇక్కడ ఒక పని అప్పగించండి. సొరపువ్వు తెల్లగా ఉండి, సాయంకాలం విచ్చుకొని, మరునాటి ఎండకు వాడిపోతుంది. గుమ్మడిపువ్వు పసుపుపచ్చగా ఉండి తెల్లవారి విచ్చుకొంటుంది గనుక తేనెటీగలు దాని పని చూసుకొంటవి. సొరపువ్వు పని చూసేవి రాత్రి తిరిగే రెక్కలపురుగులు. దీపాల వెలుతురు, సిమెంటు గోడలు పెరిగిన చోట అవి రావు; పిందె పసుపుబారి రాలిపోతుంది. అప్పుడు దీపాలు పెట్టే వేళకు పిల్లలను వెంటబెట్టుకొని పాదు దగ్గరకు పొండి. పొడుగాటి కాడ మీద ఒంటిగా నిలిచేది మగపువ్వు. మెడ కింద చిటికెన వేలంత పిందెతో ఉండేది ఆడపువ్వు. మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడిమికి అద్దాలి. పదిహేను రోజులలో కాయ కోతకు వస్తుంది. ఈ ఒక్క సాయంకాలంలో పాదు, తీగ, నులితీగ, కాడ, మొగ్గ, పిందె, పుప్పొడి, పందిరి అనే మాటలన్నీ పిల్లల నోటికి వస్తవి. ఏ వాచకమూ ఇంత త్వరగా నేర్పలేదు.

కాయ ముదరకముందే కోయవలె. గోరు గుచ్చితే సులువుగా దిగితే లేత. దిగకపోతే విత్తనానికి వదిలిపెట్టండి. కోసిన తరువాత చేయవలసిన మొదటి పని మాత్రం ఎన్నడూ మరవవద్దు. కాడ దగ్గర ఒక చిన్న ముక్క తరిగి పచ్చిదే నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయ మొత్తం పారవేయండి. సొర, దోస, బీర జాతులలో చేదు కలిగించే విషపదార్థం ఒకటి ఉన్నది. ఉడికించినా, వేయించినా అది పోదు. 2010లో ఢిల్లీలో చేదు సొరరసం తాగిన ఒక శాస్త్రజ్ఞుడు మరణించిన తరువాత, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి విచారించింది. చేదుగా ఉన్న రసం తాగరాదని ఆ సంఘం సలహా ఇచ్చింది. "కాయ పారవేయడమా!" అని పొదుపరి చేతులకు మనసొప్పదు. ఈ ఒక్కచోట పొదుపు పనికిరాదు.

ఇక రొట్టె. నలుగురు మనుషులకు కొలత చెబుతున్నాము. అరకిలో లేత సొరకాయ ఒకటి, రెండు గ్లాసుల రాగిపిండి, అరగ్లాసు బియ్యప్పిండి, రెండు ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లంముక్క, చెంచాడు జీలకర్ర, రెండు చెంచాల నువ్వులు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనిక్కాయలు గుప్పెడు, కరివేపాకు, కొత్తిమీర, దొరికితే గుప్పెడు మునగాకు, తగిన ఉప్పు, నూనె. అనపల కాలమైతే ఉడికించిన పితికిన పప్పు అరగ్లాసు; కాకపోతే గంటసేపు నానిన పెసరపప్పు.

సొరకాయ తొక్క పలుచగా తీసి, తొక్కను పచ్చడికి పక్కన పెట్టండి. లేత గింజలతో సహా కాయను తురమండి. తురుములో ఉప్పు కలిపి పది నిమిషాలు వదిలిపెడితే నీరు ఊరుతుంది. సొరకాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే గదా! ఆ నీటిని పిండి పారబోయవద్దు. రొట్టెకు కావలసిన తడి అదే. ఎర్రగడ్డలు, మిరపకాయలు, అల్లం సన్నగా తరిగి, మిగిలిన సరుకులతో పాటు అందులో వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ముద్ద చేతికి అంటుకొంటూ, గారెల పిండికంటె కొంచెం గట్టిగా ఉండవలె. నీళ్ళు చాలకపోతే ఉడుకు నీళ్ళే చిలకరించండి. గోధుమపిండిలో సాగే జిగురు ఉన్నది, రాగిలో లేదు. అందుకే సీమవారి తొడుగు మాదిరిగా రాగిపిండిని కర్రతో పలుచగా వత్తితే పగిలిపోతుంది. వేడినీళ్ళు పిండిని కొంత ఉడికించి పట్టు ఇస్తవి. బియ్యప్పిండి కరకర ఇస్తుంది. సొర తురుము రొట్టెను మెత్తగా ఉంచుతుంది.

అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడుకు రెండు చెంచాల నూనె రాచి, పొయ్యి మీద పెట్టకముందే పిండిముద్దను అందులో వేసి, తడిచేత్తో అరఅంగుళం మందాన సమంగా అద్దండి. వేలితో అయిదారు బెజ్జాలు పెట్టి, ఒక్కొక్కదానిలో నాలుగు చుక్కల నూనె విడవండి. అప్పుడు పొయ్యి మీద పెట్టి, బరువైన మూత వేసి, సన్న సెగ మీద పన్నెండు నుండి పదిహేను నిమిషాలు ఉంచండి. అంచులు మూకుడును వదిలి, వేగిన నువ్వుల వాసన వచ్చినప్పుడు అట్లకాడతో తిరగవేసి, మూత లేకుండా మరి అయిదు నిమిషాలు కాల్చండి. తొందరపడి సెగ పెంచితే అడుగు మాడి, నడిమి పచ్చిగా ఉంటుంది. వేడిచల్లారి గోరువెచ్చగా అయిన తరువాత ముక్కలు కోస్తే విరగవు. చెనిక్కాయ ఊరిబిండి గాని, వెన్నగాని, గడ్డపెరుగు గాని పక్కన ఉంటే చాలును. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది గనుక ఎదిగే పిల్లలకు, ముసలివారికి మంచి ఆహారం.

ఈ రొట్టె ఒక్క హోసూరుదే అని మేము అనబోము. తెలంగాణవారు బియ్యప్పిండితో ఇదే తీరున గిన్నెలో అద్ది, బెజ్జాలు పెట్టి, సర్వపిండి చేస్తారు. ఆ పిండిలో సొర తురుము కలిపేవారూ కద్దు. తపాలచెక్క అని కొన్ని ఊళ్ళలో దాని పేరు. గోదావరి జిల్లాలవారు మినప్పిండితో దిబ్బరొట్టె చేస్తారు. పూర్వం మూకుడు మీద మూత పెట్టి, ఆ మూత మీద నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ. సీమవారి ఓవెను చేసేది సరిగ్గా ఈ పనే. ఇంట్లో ఓవెను ఉన్నవారు ఇదే పిండిని నూనె రాచిన పళ్ళెంలో అద్ది, 200 డిగ్రీల వేడిలో ముప్పై అయిదు, నలభై నిమిషాలు కాల్చుకోవచ్చును. మన అవ్వలు మూకుడు, మూత, గుప్పెడు నిప్పులతో సాధించినదాన్ని ఇప్పుడు ఒక కరెంటు పెట్టె చేస్తున్నదన్నమాట.

ఇంతదూరం వచ్చాము గనుక, ఒక రొట్టెను పట్టుకొని ఇంతసేపు ఎందుకు మాట్లాడామో కూడా చెప్పి ముగిస్తాము. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడిపిల్లలకు ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది. మనం ఏ నేల నీళ్ళు తాగుతున్నామో ఆ నేల భాష మన పిల్లలకు బాగా రావడం మంచిదే. పక్కింటి తమిళ సోదరులు మన పెరటి కాయ తింటారు. వారి పొంగలి మనం తింటాము. కన్నడసీమ పొలిమేర మనకు కూతవేటు దూరం. ఇక్కడి పిల్లలు మూడు భాషలు ఆడుతూ పాడుతూ నేర్చుకోగలరు. చిక్కు వేరే ఉన్నది. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఆటలో తమిళమో కన్నడమో, ఫోనులో ఇంగ్లీషు. తెలుగు మిగిలేది వంటింటిలో. ఆ వంటింటిలో కూడా పొట్లాలు విప్పి వేడిచేసే వంటే నిలిచిపోతే, తెలుగుకు పని ఏముంటుంది? పనిలేని మాట పని చేయని మనిషివలెనే నీరసిస్తుంది. తురమడం, నూరడం, చెరగడం, పితకడం, అద్దడం, చిలకరించడం, రాచడం: ఈ రొట్టె ఒక్కటి చేయడానికి ఎన్ని మాటలు పిలవవలసి వచ్చిందో చూశారు గదా! చేతికి పని ఉన్నన్నాళ్ళు ఈ మాటలకు చావు లేదు. పని పోయిన తరువాత నిఘంటువులో వెదకినా వాటి వాసన దొరకదు.

మన హోసూరు గులాబీలు విమానమెక్కి దేశదేశాలకు పోతున్నవి. మన కూరగాయలు తెల్లవారకముందే బెంగుళూరు చేరుతున్నవి. కృష్ణగిరి మామిడిపండ్ల రసం సముద్రాలు దాటుతున్నది. ఇవి మన రైతుల కష్టఫలాలు, సంతోషించదగిన విషయం. పెరటి సొరకాయ మాత్రం ఏ విమానమూ ఎక్కదు. పక్కింటి గోడ దాటి పోతుంది. మనకు కావలసిన రాకపోకలు అవి కూడా. ఫ్యాక్టరీ ఇండ్లలో ఉన్న కోస్తా కుటుంబాలకూ, బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి గ్రామాలలోని రైతు కుటుంబాలకూ మధ్య ఏడాదికి ఒక్క ఉగాది సభ చాలదు.

అందుకని మూడు పనులు కోరుతున్నాము. ఒకటి: ముదిరిన సొరకాయను పాదు మీదనే ఎండనిచ్చి, గింజలు తీసి, కాగితపు పొట్లాలలో కట్టి, మీకు తెలిసిన రెండు తెలుగు ఇండ్లకు ఇవ్వండి, ఒక ఇల్లు పాతకాపువారిది, ఒక ఇల్లు కొత్తగా వచ్చినవారిది అయితే మరీ మంచిది. రెండు: ఇంట్లో అవ్వ గాని, జేజి గాని, అమ్మమ్మ గాని ఉంటే, ఆమె చేసే ఒక వంటను ఆమె నోటి మాటలతోనే పిల్లలచేత తెలుగు లిపిలో వ్రాయించండి. ఎర్రగడ్డను ఉల్లిపాయ అని దిద్దవద్దు. ఉల్లిపాయను ఎర్రగడ్డ అని దిద్దవద్దు. అక్షరాలు రాని పిల్లలకు అదే మొదటి పాఠం అవుతుంది. తప్పులు వస్తే రానివ్వండి. మూడు: ఆ కాగితాలను మన సంఘానికి అందజేయండి. రాబోయే ఉగాది సంచికలో ఒక్కొక్క వంటకు ఎదురుగా ఆ సరుకుకు మన ఇండ్లలో ఉన్న పేర్లన్నీ వేసుకొందాము. సొరకాయ, ఆనపకాయ, ఆనిగపుకాయ అన్నీ ఒకే పందిరికి వేలాడుతున్నట్లు ఒకే పుటలో కనబడితే, మన భాష ఎంత విశాలమైనదో పిల్లలకు మనం వేరే ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

తీగకు పందిరి కావలె. పందిరికి నాలుగు గుంజలు కావలె. ఏ గుంజ ఏ ఊరి అడవిలో కొట్టుకొని వచ్చిందో తీగ అడగదు. మనం అందరం తలా ఒక గుంజ అయితే ఈ పాదు మన మనుమలకు కూడా కాస్తుంది.  కొత్త సంవత్సరం అందరి ఇండ్లనూ చల్లగా చూచుగాక. సెలవు.